జ్ఞాపకం తరిగాక మిగిలిన సాహిత్యం: నేటి యూదు-అమెరికన్ రచన

1977లో ప్రముఖ విమర్శకుడు ఇర్వింగ్ హౌ ఒక యూదు-అమెరికన్ కథా సంకలనానికి ముందుమాట రాస్తూ, ఈ సాహిత్యం బహుశా తన ఉచ్చదశను దాటిపోయిందని తేల్చాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. ఈ రచనలకు ప్రాణం పోసింది వలస అనుభవం. తూర్పు ఐరోపా నుంచి వచ్చిన తల్లిదండ్రులు, వారి యిద్దిష్ భాష (జర్మన్‌కు దగ్గరగా ఉండి హీబ్రూ లిపిలో రాసే యూదుల భాష), ఇరుకు గదుల అద్దె ఇళ్ళు, బట్టలు కుట్టే కార్ఖానాలు, ఇంట్లో ఒక లోకం, వీధిలో మరో లోకం. ఆ తరం కనుమరుగైన కొద్దీ జ్ఞాపకాలు పలచబడతాయనీ, వాటితోపాటు రాయడానికి సరుకూ తరిగిపోతుందనీ ఆయన భావించాడు. ఇది బయటివాడి తీర్పు కాదు. హౌ స్వయంగా యిద్దిష్ మాట్లాడే ఇంట్లో, బ్రాంక్స్‌లో పెరిగినవాడు. యిద్దిష్ కథలను, కవితలను ఇంగ్లీషు పాఠకుల ముందుకు తెచ్చిన సంపాదకుడు. అంతకు ముందు ఏడాదే ఆ వలస లోకపు చరిత్రను 'వరల్డ్ ఆఫ్ అవర్ ఫాదర్స్' పేరుతో రాసి ప్రచురించినవాడు.

దాదాపు అర్ధ శతాబ్దం గడిచింది. 2001లో మైకేల్ షేబన్‌కు, 2022లో జాషువా కోహెన్‌కు కాల్పనిక సాహిత్యంలో పులిట్జర్ బహుమతి వచ్చింది. రెండు నవలలూ యూదు జీవితం కేంద్రంగా నడిచేవే. ప్యూ పరిశోధన సంస్థ 2020 సర్వే ప్రకారం అమెరికాలో పిల్లలతో కలిపి యూదులు సుమారు 75 లక్షల మంది, వయోజన జనాభాలో 2.4 శాతం. ఇంత చిన్న సమాజం నుంచి, అదీ ముగిసిపోయిందనుకున్న కాలం తర్వాత, ఇన్ని తరాల రచయితలు ఎలా వచ్చారన్నది ఆలోచించవలసిన ప్రశ్న. నా అభిప్రాయంలో హౌ చెప్పినదాంట్లో సగం నిజమైంది. వారసత్వంగా అందే జ్ఞాపకం నిజంగానే తరిగిపోయింది. కానీ ఆ స్థానంలోకి చదువు వచ్చింది, గ్రంథాలయం వచ్చింది, అనువాదం వచ్చింది. అన్నిటికంటే ముఖ్యంగా, రచయితకూ సమాజానికీ మధ్య ఎన్నడూ తెగని ఒక తగవు ఈ సాహిత్యాన్ని మేల్కొలిపి ఉంచింది.

మొదటి అధ్యాయం చాలామందికి తెలిసినదే కాబట్టి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1881 నుంచి 1924 వరకు రష్యా సామ్రాజ్యం, ఆస్ట్రియా-హంగరీ, రుమేనియాల నుంచి 20 లక్షలకు పైగా యూదులు అమెరికా చేరారు. 1924 నాటి వలస చట్టం ఆ తలుపును దాదాపు మూసేసింది. న్యూయార్క్‌లో 1897లో మొదలైన యిద్దిష్ దినపత్రిక 'ఫార్వర్డ్'ను దశాబ్దాలపాటు నడిపిన ఏబ్రహాం కహాన్, 1917లో ఇంగ్లీషులో వలస జీవితం మీద ఒక పెద్ద నవల రాశాడు. హెన్రీ రాత్ 1934లో రాసిన 'కాల్ ఇట్ స్లీప్' కొద్దికాలానికే మరుగున పడి, 1964లో చౌక ప్రతిగా తిరిగి వచ్చినప్పుడు లక్షల్లో అమ్ముడుపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సాల్ బెల్లో, బెర్నార్డ్ మాలముడ్, ఫిలిప్ రాత్ అమెరికన్ సాహిత్యపు నడిబొడ్డుకు చేరారు. బెల్లోకు 1976లో నోబెల్ వచ్చింది; రెండేళ్లకు, న్యూయార్క్‌లో ఉంటూ యిద్దిష్‌లోనే రాసిన ఐజాక్ బాషెవిస్ సింగర్‌కు వచ్చింది. బెల్లో, మాలముడ్, ఫిలిప్ రాత్ అనే ముగ్గురు మగవారి పేర్లను ఒకే ఊపిరిలో చెప్పే అలవాటు మూలంగా గ్రేస్ పేలీ, టిల్లీ ఓల్సెన్ వంటి రచయిత్రులకు దక్కవలసిన చోటు చాలాకాలం దక్కలేదు. 1959లో వచ్చిన పేలీ మొదటి కథల సంపుటి న్యూయార్క్ వీధుల మాటతీరును పట్టుకున్నంత సహజంగా ఆ ముగ్గురిలో ఎవరూ పట్టుకోలేదని నేననుకుంటాను.

అదే 1959లో, ఫిలిప్ రాత్ కథ 'డిఫెండర్ ఆఫ్ ద ఫెయిత్' 'న్యూయార్కర్' పత్రికలో వచ్చింది. యుద్ధం చివరి నెలల్లో మిస్సోరీలోని ఒక సైనిక శిబిరంలో నడిచే కథ ఇది. యూదు సార్జెంటు నేథన్ మార్క్స్ దగ్గర, గ్రాస్‌బార్ట్ అనే యూదు సిపాయి మతం పేరు చెప్పుకుని ఒక్కొక్క వెసులుబాటే సంపాదిస్తూ పోతాడు. చివరికి పసిఫిక్ రణరంగానికి వెళ్ళకుండా తప్పించుకోవాలని అతడు పన్నిన ఉపాయాన్ని మార్క్స్ తిప్పికొడతాడు. కథలో నైతిక భారం మోసేది మార్క్సే, అతడూ యూదుడే. అయినా పత్రిక చదివిన వేలాది క్రైస్తవ పాఠకుల కంట్లో పడేది గ్రాస్‌బార్ట్ మాత్రమేనని చాలామంది యూదులు భయపడ్డారు. నాజీ మారణహోమం ముగిసి అప్పటికి 14 ఏళ్ళే. ఈ మనిషి నోరు మూయించడానికి ఏం చేస్తున్నారని ఒక రబ్బీ (యూదు మతాచార్యుడు) యూదు హక్కుల సంస్థకు ఉత్తరం రాశాడు. 1962లో న్యూయార్క్‌లోని యెషివా విశ్వవిద్యాలయంలో జరిగిన చర్చావేదికలో, నాజీ జర్మనీలో బతుకుతున్నా ఇవే కథలు రాస్తారా అన్న ప్రశ్న ఎదురైందనీ, సభ ముగిశాక చుట్టుముట్టిన వారి కోపం చూసి ఇక యూదుల గురించి రాయనని అన్నాననీ రాత్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ నిశ్చయం నిలవలేదు. ఆ తర్వాతి పుస్తకాల్లో సింహభాగం యూదుల గురించే.

ఈ ఘర్షణను సంకుచిత సమాజం ఒకవైపు, స్వేచ్ఛాప్రియుడైన రచయిత మరొకవైపు అన్నట్టుగా చెప్పుకోవడం ఆనవాయితీ అయింది. నాకు అది సరిపోదనిపిస్తుంది. కోపగించినవారు అతని కథలను ఆమూలాగ్రం చదివారు, హాలు నిండేలా వచ్చి ముఖాముఖి అడిగారు. చిన్న సమాజాల రచయితలందరికీ ఎదురయ్యే నిజమైన ప్రశ్ననే వాళ్ళు అడిగారు: మన లోపాలను మనలో మనం చెప్పుకోవడం ఒకటి, మనల్ని ద్వేషించగల వారి ఎదుట, వారి భాషలో చెప్పడం మరొకటి కాదా? రాత్ దీనికి 1963లో 'కామెంటరీ' పత్రికలో రాసిన సుదీర్ఘ వ్యాసంలో జవాబిచ్చాడు. ద్వేషించేవాడు ఏమనుకుంటాడోనని మన కథలను కత్తిరించుకుంటే, మన గురించి మనం ఏం చెప్పుకోవాలో నిర్ణయించే అధికారం వాడి చేతికే ఇచ్చినట్టవుతుందన్నది ఆ జవాబు సారం. 2014లో అమెరికా యూదు మతాచార్యులను తయారుచేసే ప్రధాన విద్యాసంస్థల్లో ఒకటైన జ్యూయిష్ థియలాజికల్ సెమినరీ అతనికి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. నాలుగేళ్ళకు, 2018లో, రాత్ కన్నుమూశాడు.

రాత్‌ను వేధించిన ప్రశ్న సమాజం గురించినదైతే, సింథియా ఓజిక్‌ను వేధించినది భాష. 1969లో ఆమె రాసిన 'ఎన్వీ. ఆర్, యిద్దిష్ ఇన్ అమెరికా' అనే పెద్ద కథలో ఎడెల్‌ష్టైన్ అనే యిద్దిష్ కవి న్యూయార్క్‌లో ఒంటరిగా కుమిలిపోతుంటాడు. అతని పాఠకులు ఐరోపాలో హత్యకు గురయ్యారు. అమెరికాలో మిగిలినవారి పిల్లలకు ఆ భాష రాదు. అతని సాటి రచయిత ఒకడు మాత్రం ఇంగ్లీషు అనువాదాల పుణ్యమా అని ప్రపంచ ప్రఖ్యాతి పొందాడు. ఆ ప్రఖ్యాతుడిలో సింగర్ పోలికలు ఎవరికైనా కనిపిస్తాయి. సింగర్ కథ ఒకటి 1953లో బెల్లో అనువాదంలో 'పార్టిజాన్ రివ్యూ'లో రావడమే ఆయన ఇంగ్లీషు కీర్తికి నాంది. అసూయను కథా వస్తువుగా చేసి ఓజిక్ అడిగినది చాలా పెద్ద ప్రశ్న: యుద్ధానికి ముందు కోటి మందికి పైగా మాట్లాడిన ఒక భాష, పాఠకులు లేని భాషగా మారిపోతే, అందులో రాసినదంతా ఎవరిది? ఆ మరుసటి ఏడాది ఆమె ఒక ప్రసంగంలో ఇంకా సాహసంగా, అమెరికా యూదులు ఇంగ్లీషునే కొత్త యిద్దిష్‌గా మలచుకోవాలని, ప్రార్థన, శాస్త్రం, వ్యాఖ్యానం నింపుకున్న భాషగా దాన్ని వాడాలని వాదించింది. జన్మతః యూదుడైనంత మాత్రాన రాసినదంతా యూదు సాహిత్యం కాబోదని, ఆ సంప్రదాయపు ఆలోచనలో వేళ్ళూనినదే నిలుస్తుందని ఆమె నమ్మకం. తర్వాత ఆ వాదన నుంచి ఆమే కొంత వెనక్కి తగ్గింది. అయినా ఆ తర్వాతి తరం అనుకోకుండానే ఆ బాటలో నడిచింది.

ఆ బాట ఎక్కడి నుంచి వేయబడిందో అర్థం కావాలంటే రచయితలను కాసేపు పక్కనపెట్టి సంస్థల వైపు చూడాలి. 1925లో బోస్టన్ ప్రజా గ్రంథాలయపు వెస్ట్ ఎండ్ శాఖలో ఫానీ గోల్డ్‌స్టైన్ అనే గ్రంథపాలకురాలు యూదు పుస్తకాల ప్రదర్శన ఒకటి పెట్టింది. అది ఏటేటా జరిగే యూదు పుస్తక వారంగా, తర్వాత హనుక్కా పండుగకు ముందు జరుపుకునే పుస్తక మాసంగా పెరిగింది. దాని నిర్వహణకు ఏర్పడిన బృందమే 1940లలో జ్యూయిష్ బుక్ కౌన్సిల్‌గా రూపుకట్టింది. 1950 నుంచి ఈ కౌన్సిల్ ఏటా జాతీయ యూదు పుస్తక బహుమతులు ఇస్తోంది. కొత్త పుస్తకం రాసిన రచయితలకు ఇది ఏర్పాటు చేసే కార్యక్రమం ఒకటి ప్రసిద్ధం: దేశం నలుమూలల నుంచి వచ్చిన యూదు సామాజిక కేంద్రాల, ప్రార్థనామందిరాల ప్రతినిధుల ముందు ఒక్కో రచయిత నిలబడి, రెండు నిమిషాల్లో తన పుస్తకం గురించి చెప్పాలి, నచ్చినవారిని ఆ ప్రతినిధులు తమ ఊరికి ఆహ్వానిస్తారు. డెట్రాయిట్ వంటి నగరాల్లో దశాబ్దాలుగా సాగే పుస్తక మేళాలకు రచయితలు చేరేది ఎక్కువగా ఈ దారిలోనే. 2006లో స్థాపించిన సామీ రోర్ బహుమతి కింద వర్ధమాన రచయితకు లక్ష డాలర్లు ఇస్తారు. పాఠకుడు తనంతట తాను పుట్టడని, పాఠకుణ్ణి తయారుచేసుకోవాలని ఇంత స్పష్టంగా గ్రహించిన సాహిత్య సమాజాలు తక్కువ.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా కదిలించేది మసాచుసెట్స్‌లోని ఆమ్హెర్స్ట్‌లో ఉన్న యిద్దిష్ బుక్ సెంటర్. యిద్దిష్ చదువుకుంటున్న ఆరన్ లాన్‌స్కీ అనే యువకుడికి పాఠ్యపుస్తకాలు దొరకలేదు. ముసలివారు చనిపోగానే, ఆ లిపి చదవలేని పిల్లలు, మనవలు వారి పుస్తకాలను చెత్తలో పారేస్తున్నారని అతనికి తెలిసింది. 1980లో అతడు వాటిని సేకరించడం మొదలుపెట్టాడు. ప్రపంచంలో మిగిలిన యిద్దిష్ పుస్తకాలు సుమారు 70 వేలు ఉంటాయని అప్పట్లో పండితుల అంచనా. సంస్థ సేకరించినవి పది లక్షలు దాటాయి. పుస్తకం ఇచ్చే వృద్ధులు లాన్‌స్కీని కూర్చోబెట్టి, అన్నం పెట్టి, ఒక్కొక్క పుస్తకం కథ చెప్పి మరీ అప్పగించేవారట. నేడు ఆ సంస్థ పది వేలకు పైగా పుస్తకాలను డిజిటల్ రూపంలో ఉచితంగా అందిస్తోంది, కొత్త అనువాదకులకు శిక్షణ ఇస్తోంది. ఇటీవలి సంవత్సరాల్లో వెలుగు చూసిన యిద్దిష్ రచయిత్రుల అనువాదాల వెనుక ఇలాంటి కృషి ఉంది. చైమ్ గ్రాడె ఉదంతం మరీ విశేషం. విల్నాలో పుట్టి, మారణహోమంలో తల్లినీ మొదటి భార్యనూ పోగొట్టుకుని బ్రాంక్స్‌లో స్థిరపడిన ఈ రచయిత 1960, 70లలో యిద్దిష్ పత్రికల్లో ధారావాహికగా ఒక బృహన్నవల రాసి, దాన్ని పూర్తిచేయకుండానే 1982లో మరణించాడు. ఆయన రెండో భార్య కాగితాలను ఎవరి చేతికీ అందనీయలేదు. 2010లో ఆమె మరణం తర్వాతే అవి పరిశోధకులకు చేరాయి. రోజ్ వాల్డ్‌మన్ అనువాదంలో 'సన్స్ అండ్ డాటర్స్'గా ఆ నవల 2025లో వెలువడింది. అంటే హౌ తన ముందుమాట రాసే నాటికి న్యూయార్క్‌లోనే ఉన్న ఒక మహారచన ఇంగ్లీషు పాఠకుడికి చేరడానికి ఇంతకాలం పట్టింది.

1990ల చివరి నుంచి వచ్చిన రచయితలు ఈ పునరుద్ధరణ నీడలో పెరిగినవారు. నేథన్ ఇంగ్లాండర్ 1999 నాటి తొలి సంపుటిలోని ఒక కథ, స్టాలిన్ ఆజ్ఞతో చావుకు సిద్ధమైన యిద్దిష్ రచయితల చెరసాల గదిలో నడుస్తుంది. 1952 ఆగస్టు 12 రాత్రి మాస్కోలో డేవిడ్ బెర్గెల్సన్, పెరెట్స్ మార్కిష్ తదితరులను చంపిన నిజ సంఘటన దాని వెనుక ఉంది. లాంగ్ ఐలండ్‌లో, సంప్రదాయ కుటుంబంలో పుట్టిన ఇంగ్లాండర్‌కు ఆ సంఘటన జ్ఞాపకం కాదు. చదివి, ఊహించి, తనదిగా చేసుకున్న చరిత్ర. డారా హార్న్ హీబ్రూ, యిద్దిష్ సాహిత్యాల్లో హార్వర్డ్ నుంచి డాక్టరేటు పొందిన నవలాకారిణి. 2006 నాటి ఆమె నవలలో న్యూయార్క్ మ్యూజియం నుంచి చిత్రకారుడు షగాల్ గీసిన చిత్రం దొంగతనం, 1920లలో సోవియట్ అనాథాశ్రమంలో యిద్దిష్ రచయిత దెర్ నిస్తెర్ జీవితం ఒకే కథలో అల్లుకుంటాయి. అయితే గతాన్ని ఇలా తవ్వుకోవడంలో ఒక ప్రమాదం ఉందని గట్టిగా హెచ్చరించినదీ హార్నే. 2021 నాటి తన వ్యాస సంపుటిలో ఆమె, లోకానికి చనిపోయిన యూదుల మీద ఉన్న ప్రేమ బతికున్నవారి మీద లేదంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆన్ ఫ్రాంక్ ఇంట్లో పనిచేసే ఒక యూదు యువకుణ్ణి, అతని మతచిహ్నమైన చిన్న టోపీని మామూలు టోపీ కింద దాచుకోమన్న ఉదంతం ఆమె వాదనకు మొదటి సాక్ష్యం.

మరో పాయ సోవియట్ దేశాల నుంచి వచ్చింది. 1970ల నుంచి, మరింతగా 1980ల చివరి తర్వాత, లక్షలాది సోవియట్ యూదులు అమెరికా చేరారు. లెనిన్‌గ్రాడ్‌లో పుట్టిన గ్యారీ ష్టైన్‌గార్ట్, మాస్కో నుంచి 1994లో వచ్చిన లారా వాప్‌న్యార్, మిన్స్క్‌లో పుట్టిన బోరిస్ ఫిష్మన్, ఒడెస్సా కవి ఇల్యా కమిన్స్కీ ఈ వలస బిడ్డలు. వీరి రాక పాత చట్రాన్ని కదిలించింది. సోవియట్ గుర్తింపు పత్రంలో జాతి అన్నచోట 'యూదు' అని రాసి ఉండడం వల్ల వివక్ష అనుభవించారు గానీ, ప్రార్థన, పండుగ, ఆహార నియమం వీరిలో చాలామందికి తెలియవు. అక్కడ యూదులుగా అవమానం పొందినవారు ఇక్కడికి వచ్చేసరికి పొరుగువారి కంటికి 'రష్యన్లు' అయ్యారు.

ఫిష్మన్ 2014 నాటి నవల 'ఎ రీప్లేస్‌మెంట్ లైఫ్' ఈ చిక్కును పట్టుకున్న తీరు అపూర్వం. బ్రూక్లిన్‌లోని ఒక తాత, పత్రికలో పనిచేసే మనవడి చేత నాజీ బాధితులకిచ్చే పరిహారం కోసం తప్పుడు దరఖాస్తు రాయిస్తాడు. అవ్వ నిజంగా ఘెట్టోలో, నాజీలు యూదులను నిర్బంధించిన వాడలో, నరకం అనుభవించింది, కానీ చనిపోయింది. తాత బతికున్నాడు, కానీ నియమాల ప్రకారం అర్హుడు కాడు. నేను పడవలసిన తీరులో బాధపడలేదేమో గానీ, అలా బాధపడినవారందరినీ చంపేశారు కదా, అన్నది తాత తర్కం. మనవడు మొదట ఇష్టం లేక రాస్తాడు, తర్వాత ఇరుగుపొరుగు వృద్ధులందరికీ రాసిపెడతాడు, రాస్తూ రాస్తూ అవ్వ తనకెప్పుడూ చెప్పని జీవితాన్ని ఊహించుకోగలుగుతాడు. బాధను ఫారంలోని గడుల్లో కొలవగలమా, అబద్ధపు కథ నిజమైన దుఃఖాన్ని మోయగలదా అన్న ప్రశ్నలు ఇంత మానవీయంగా ఎదురయ్యే నవల ఈ కాలంలో నేను మరొకటి చదవలేదు.

రాత్ కాలంనాటి తగవు మరో రూపంలో 2005లో తిరిగి వచ్చింది. ఇంగ్లాండర్, టోవా మిర్విస్ తదితరులు కఠిన సంప్రదాయవాద యూదులను లోపలివారిలా నటిస్తూ వక్రంగా చూపుతున్నారని వెండీ షాలిట్ 'న్యూయార్క్ టైమ్స్' పుస్తక సమీక్షా విభాగంలో రాసింది. తాను ఆ లోకంలోనే పెరిగానని, సందేహం కూడా లోపలివారి అనుభవమేనని మిర్విస్ 'ఫార్వర్డ్'లో బదులిచ్చింది. తర్వాతి దశాబ్దంలో కఠిన మతనియమాలతో జీవించే హసీదీ యూదు సమాజాలను వదిలి వచ్చినవారి ఆత్మకథలు వెల్లువెత్తాయి. వాటిలో షులెమ్ డీన్ 2015లో రాసిన పుస్తకం, విశ్వాసం పోయినందుకు పిల్లలకు దూరమైన ఒక తండ్రి వేదనను ఎవరినీ దూషించకుండా చెప్పినందువల్ల, మిగతావాటికంటే ఎక్కువకాలం నిలుస్తుందనుకుంటాను.

2023 అక్టోబరు 7న హమాస్ జరిపిన దాడి, ఆ తర్వాత గాజాపై ఇజ్రాయెల్ యుద్ధం ఈ సాహిత్య సమాజాన్ని చీల్చాయి. న్యూయార్క్‌లో 1874లో యూదు యువజన సంఘంగా మొదలైన 92వ వీధి కేంద్రం, 1939 నుంచి దేశంలో అతి ముఖ్యమైన కవితా వేదికల్లో ఒకదాన్ని నడుపుతోంది. ఇజ్రాయెల్‌ను విమర్శించే బహిరంగ లేఖపై సంతకం చేసిన నవలాకారుడు వియెట్ థాన్ న్యుయెన్ ప్రసంగాన్ని ఆ అక్టోబరులో అది వాయిదా వేయగా, కవితా విభాగపు సిబ్బంది రాజీనామా చేశారు, ఆ ఏటి కార్యక్రమాలు ఆగిపోయాయి. పాలస్తీనా తండ్రి ఒకరి విషాదాన్ని రాసిన యూదు-అమెరికన్ పాత్రికేయుడు నేథన్ థ్రాల్ సభలు అదే సమయంలో పలుచోట్ల రద్దయ్యాయి. ఆ పుస్తకానికే 2024లో పులిట్జర్ వచ్చింది. మరోవైపు, యూదు రచయితలను వారి పుట్టుక కారణంగానో, ఇజ్రాయెల్‌తో అనుబంధం కారణంగానో పక్కన పెడుతున్న ఉదంతాలను నమోదు చేయడానికి జ్యూయిష్ బుక్ కౌన్సిల్ 2024 ఫిబ్రవరిలో ప్రత్యేక ఏర్పాటు చేసింది. అదే ఏడాది మే నెలలో, రచయితలను వారి 'జియోనిస్టు' (యూదు దేశంగా ఇజ్రాయెల్‌ను సమర్థించే) మొగ్గును బట్టి వర్గీకరించిన జాబితా ఒకటి సామాజిక మాధ్యమాల్లో చక్కర్లు కొట్టింది.

ఆగస్టులో బ్రూక్లిన్‌లోని ఒక పుస్తకాల దుకాణంలో జరగవలసిన సభ, సంభాషణ నడపవలసిన రబ్బీ జియోనిస్టు అన్న కారణంతో చివరి నిమిషంలో ఆగిపోయింది. ఆ సాయంత్రం మాట్లాడవలసిన రచయిత జాషువా లీఫర్ ఇజ్రాయెల్ విధానాలకు తీవ్ర విమర్శకుడు. అతని పుస్తకం 'టాబ్లెట్స్ షాటర్డ్' అమెరికా యూదు సమాజంలో ఏకాభిప్రాయం ఎలా విచ్ఛిన్నమైందో వివరించేదే. భిన్నాభిప్రాయాలున్న ఇద్దరు యూదులు ఆ పుస్తకం గురించి ఒక వేదికపై మాట్లాడుకోవడమే ఆ సభ ఉద్దేశం. ఇటువైపు వారు అటువైపు రచయితను చదవడం మానేస్తే, అటువైపు వారు ఇటువైపు సభను మూసేస్తే, యెషివా హాలులో రాత్‌ను నిలదీసినవారికి ఉన్న ఓపిక కూడా మిగలదని నా ఆందోళన. వామపక్షపు 'జ్యూయిష్ కరెంట్స్', మరో దృక్పథానికి వేదికైన 'టాబ్లెట్', దశాబ్దాల స్త్రీవాద పత్రిక 'లిలిత్' ప్రస్తుతం ఈ వాదాలను ప్రచురిస్తున్నాయి. వీటిలో ఏ ఒక్కదాన్నే చదివినా ఈ సాహిత్యం ఇప్పుడెక్కడ ఉందో సగమే తెలుస్తుంది.